పిరమిడ్ సరస్సు: ఎడారి దారి, నది నీరు, జీవజాలం

నీరు వచ్చి చేరడమే గాని బయటికి పారే దారి లేని సరస్సును అంత్య సరస్సు అంటారు. అమెరికాలోని నెవాడా ఎడారిలో, పైయూట్ తెగ రిజర్వేషన్‌లో ఉన్న పిరమిడ్ సరస్సు ఇందుకు ఉదాహరణ. పడమటి ఒడ్డు వెంట రహదారిపై వెళ్తుంటే ఎండు కొండల నడుమ నీలి నీరు, టూఫా దిబ్బలు కనిపిస్తాయి. నీటి అడుగున ఊటల దగ్గర సున్నం పేరుకుని ఏర్పడినవే ఈ దిబ్బలు. వాటిలో పిరమిడ్ ఆకారపు దిబ్బను చూసి 1844లో ఫ్రీమాంట్ సరస్సుకు ఈ పేరు పెట్టాడు.

సరస్సుకు ప్రధాన ఆధారం ట్రకీ నది. 1905లో డెర్బీ ఆనకట్ట పూర్తయ్యాక నదీజలం చాలావరకు సాగుకు మళ్లింది. దీని ఫలితాలను వరుసగా గమనించండి:

1. నీటిమట్టం 20 మీటర్లకు పైగా పడిపోయింది.
2. నదీముఖం వద్ద మేట వేయడంతో చేపలు గుడ్లు పెట్టడానికి ఎగువకు ఈదలేకపోయాయి.
3. 1940ల నాటికి లహోంటన్ ట్రౌట్ ఇక్కడ అంతరించింది.

మరెక్కడా లేని కుయీ-ఉయీ చేప మాత్రం 40 ఏళ్లకు పైగా జీవించగలదు. అందువల్ల మంచి వానల ఏడు వచ్చేదాకా వేచి నిలిచింది.

అనాహో దీవిలో వేలాది తెల్ల గూడబాతులు గూళ్లు కడతాయి. చుట్టూ ఉన్న నీరే వాటికి కాపలా. నీరు తగ్గి దీవి ఒడ్డుతో కలిస్తే వేటజంతువులు గూళ్లదాకా నడిచి వస్తాయి.

తెగ న్యాయపోరాటంతో నదికి కొంత నీరు దక్కింది. పెంపక కేంద్రాల ద్వారా ట్రౌట్ కూడా తిరిగి వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కుయీ-ఉయీ నిలిచి, ట్రౌట్ అంతరించడానికి కారణమేమిటి?