కొత్త కాలేయములో పాత వ్యాధి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పసిబిడ్డ కన్నులు పచ్చబడినప్పుడు, పసిరికలని తలచి పసరు త్రాగించి, పథ్యము పాటించి, అవియే తగ్గునని వారములు ఎదురుచూచు కుటుంబములు నేటికిని గలవు. కామెర్లలో అనేకము నిజముగనే తమంత తాము తగ్గును. కాని, పుట్టిన కొలది నెలలకే మొదలై, పచ్చదనముతోపాటు చర్మము చిట్లునట్లు గోకికొనునంతటి దురదను తెచ్చి, బిడ్డకు నిద్రయు తల్లికి విశ్రాంతియు లేకుండజేయు ఒక అరుదైన వ్యాధి యున్నది. దానికి పసరు పనిచేయదు.

కాలేయకణపు అంచున, పైత్యరస లవణములను సన్నని నాళికలోనికి తోడిపోయు ఒక ప్రోటీను గలదు. దానిని వైద్యులు బి.ఎస్.ఇ.పి. అందురు. రెండవ క్రోమోజోముపైనున్న ఏ.బి.సి.బి.11 అను జన్యువు దానికి మూలమని 1998లో తేలినది. ఆ జన్యువు రెండు ప్రతులును చెడిన బిడ్డలో లవణములు వెలుపలికి పోవు దారిలేక కణములోనే పేరుకొని, దానినే నశింపజేసి, బాల్యము గడవకమునుపే కాలేయమును గట్టిపరచును. తల్లిదండ్రులలో చెడిన ప్రతి యొక్కొక్కటియే యుండుటచే వారు ఆరోగ్యవంతులుగనే యుందురు. అయినను ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు ప్రమాదము తప్పదు. మేనరికములు వాడుకలోనున్న మన తెలుగునాట, ఒకే పూర్వికునినుండి దిగివచ్చిన లోపము ఉభయపక్షములనుండియు బిడ్డను చేరు అవకాశము హెచ్చు.

మందులకు లొంగనప్పుడు కాలేయమార్పిడియే శరణ్యము. 1963లో డెన్వరు నగరమున థామస్ స్టార్జల్ చేసిన తొలి ప్రయత్నము మూడేండ్ల బాలునిపైననే; ఆ బిడ్డ బ్రతుకలేదు. 1998లో ఢిల్లీయందు మన దేశమున మొదటిసారిగా ఒక శిశువునకు ఈ చికిత్స ఫలించినది. నేడు హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రివంటి ప్రభుత్వ వైద్యాలయమున, ఆరోగ్యశ్రీ అండతో, తల్లి లేక తండ్రి ఇచ్చిన కాలేయభాగము బిడ్డకు అమర్చబడుచున్నది.

కొత్త కాలేయమున జన్యువుయొక్క మంచి ప్రతి యున్నది గనుక ఈ వ్యాధి తిరిగిరాదని వైద్యులు చిరకాలము నమ్మిరి. కాని, 2009లో స్పెయిన్ వైద్యులును జర్మనీ వైద్యులును వేర్వేరుగ ప్రకటించిన పరిశీలనలలో, మార్పిడి జరిగిన కొందరు పిల్లలకు అదే పచ్చదనము, అదే దురద మరల కనబడినవి. కారణము వారి రక్తముననే దొరకెను: దాత కాలేయములోని బి.ఎస్.ఇ.పి.కి ఎదురుగా వారి దేహమే యాంటీబాడీలను సృష్టించుకొన్నది. రొమ్ములోనున్న థైమస్ గ్రంథియందు రక్షణకణములు శైశవముననే స్వకీయ ప్రోటీనులను సహించుట నేర్చుకొనును. అయితే ఒక ప్రోటీను దేహములో ఎన్నడును తయారే కాకున్నచో, దానిని తనదని నేర్చుకొనుట యెట్లు? అందుచే తల్లి కాలేయముతో వచ్చిన ఆరోగ్యకరమైన ప్రోటీనే బిడ్డకు పరాయిదగుచున్నది. ఎనిమిదవ ఫాక్టరు బొత్తిగా లేని హీమోఫీలియా రోగులలో కొందరు, చికిత్సకై ఎక్కించిన ఆ ఫాక్టరుకే ప్రతికూలమైన యాంటీబాడీలను తయారుచేసికొనుట ఇటువంటిదే.

ఈ యాంటీబాడీలు ప్రోటీను వెలుపలి భాగమునకు అతుకుకొని, తోడుపనిని ఆపివేయును. అంతట కామెర్లు తిరిగివచ్చును. దీనిని, దేహము కొత్త అవయవమును త్రోసిపుచ్చు సామాన్యమైన తిరస్కారముగ భ్రమించుట సులభము. తిరస్కారమున రక్తములోని జీ.జీ.టీ. అను ఎంజైము సాధారణముగ పెరుగును, ఈ వ్యాధిలో అది పెరుగకుండుటయే పెద్ద జాడ. పేరెన్నికగన్న ఖరీదైన పరీక్షలకన్న ముందు ఈ చిన్న పరీక్షను చూడవలెనని నా దృఢాభిప్రాయము.

చికిత్స యున్నది. యాంటీబాడీలను పుట్టించు బి కణములను అణచు రిటుక్సిమాబ్, రక్తరసమును మార్చు పద్ధతి, ఇమ్యునోగ్లోబ్యులిన్ సూదులు, వీనిని కలిపి వాడి అనేకులను నిలబెట్టిరి. కొందరికి రెండవసారి మార్పిడి అవసరమైనది. కాని యాంటీబాడీలు మిగిలియున్నంతకాలము ఆ కాలేయమునకును అదే గతి పట్టవచ్చును. వ్యాధి తిరుగబెట్టువారు కొద్దిమందియే యైనను, ప్రోటీను బొత్తిగా ఏర్పడనీయని జన్యులోపము గలవారికే ముప్పు ఎక్కువ గనుక, అది ఎట్టిదో శస్త్రచికిత్సకు ముందే తెలిసికొనుట మేలు. ఇట్టి జన్యుపరీక్షకు హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి. వంటి సంస్థ గలదు.

మరొక మాట. మార్పిడియైన బిడ్డకు కామెర్లు మరలినప్పుడు, మందులు వేళకు వేయలేదని తల్లిని నిందించుటకు ముందు బంధువులును వైద్యులును ఈ వ్యాధిని గుర్తుంచుకొనవలెను. ఆమె ఒక్క మోతాదును తప్పకున్నను ఇది రాగలదు. జన్యుపరీక్ష ఫలితమును మందులచీటీలతోపాటే భద్రపరచినచో, దురద మొదలైన నాడే జగిత్యాలలోని వైద్యుడు దానిని చదివి, జీ.జీ.టీ. చూచి, ఆ వారమే బిడ్డను హైదరాబాదునకు పంపగలడు.