ప్రతిదీప్తి శోధకం

ప్రతిదీప్తి శోధకం అనగా సజీవ కణంలో ఒక నిర్దిష్టమైన ఎంజైము పనిచేసినప్పుడు మాత్రమే వెలిగేటట్లు రూపొందించిన రసాయన అణువు. ఒక కాంతిని పీల్చుకొని, అంతకంటె ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని వెనువెంటనే వెలువరించే గుణాన్ని ప్రతిదీప్తి లేక ఫ్లోరెసెన్స్ అంటారు.

ఆవశ్యకత

కణంలో ఒక ఎంజైము ఎంత ఉన్నదో ప్రతిరక్షకాల సాయంతో తెలుసుకొనవచ్చును. కాని ఉండటం వేరు, పనిచేయటం వేరు. ప్రోటీన్లను ఛేదించే ఎంజైములు అనేకం మొదట నిద్రాణ రూపంలోనే తయారవుతాయి. మరికొన్నింటిని నిరోధకాలు అడ్డగిస్తూ ఉంటాయి. శోధకం చూపేది పనిని. పైగా ఒక్క ఎంజైము అణువు ఎన్నో శోధక అణువులను వరుసగా ఛేదించగలదు కనుక వెలుగు దానంతటదే హెచ్చుతుంది.

నిర్మాణం

ఇందులో ముఖ్యమైనవి వెలిగే రంజకం, దానిని ఆర్పి ఉంచే తొడుగు. ఎంజైము గుర్తుపట్టి కోసేది ఆ తొడుగునే. టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన యసుతెరు ఉరానో, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన హిసతాకా కొబయాషి తమ సహచరులతో కలిసి 2011లో ప్రకటించిన శోధకం దీనికి చక్కని ఉదాహరణ. వారు ఎంచుకొన్న ఎంజైము గామా గ్లుటమైల్ ట్రాన్స్‌ఫెరేజ్. కాలేయ పరీక్షల నివేదికలలో జీజీటీ అని కనిపించేది ఇదే. పలు క్యాన్సర్ కణాల ఉపరితలంపై ఇది అధికంగా ఉంటుంది.

రంజకంగా రోడమిన్ జాతి అణువును తీసుకొని, దాని అమైనో సమూహానికి గ్లుటామిక్ ఆమ్లాన్ని తగిలించారు. అప్పుడు అణువులోని హైడ్రాక్సీమిథైల్ సమూహం మధ్య కార్బన్‌తో బంధం ఏర్పరచుకొని వలయంగా మూసుకొంటుంది. అందువలన ఏకాంతర ద్విబంధాల వరుస తెగి, రంగూ వెలుగూ రెండూ పోతాయి. ఎంజైము గ్లుటామిక్ ఆమ్లాన్ని తొలగించగానే అమైనో సమూహం ఎలక్ట్రాన్లను అందిస్తుంది, వలయం తెరచుకొంటుంది, నీలికాంతిలో ఆకుపచ్చగా మెరుస్తుంది.

వెలిగిన అణువు పుట్టినచోటనే నిలవాలి. రూపకల్పనలో అసలు కష్టం ఇక్కడనే ఉన్నది. పూర్వం నుండి వాడుకలో ఉన్న ఫ్లోరెసీన్ డైఎసిటేట్ కణంలో చీలి వెలిగినా, ఆ వెలుగు క్రమేణా బయటికి కారిపోతుంది. కాల్సీన్‌కు ఋణావేశాలు ఎక్కువగా ఉండుటచే అది చాలాసేపు లోపలే నిలుస్తుంది. ఉరానో శోధకం ఛేదనం తరువాత కణంలోకి చొరబడి లైసోసోములలో చేరుతుంది.

ఉపయోగం, పరిమితులు

శస్త్రచికిత్సలో కంటికి ఆనని గడ్డలు మిగిలిపోతే వ్యాధి తిరగబెట్టవచ్చును. ఎలుకల ఉదరకుహరంలో వ్యాపించిన అండాశయ క్యాన్సర్‌పై ఈ ద్రావణాన్ని చల్లగా 1 నిమిషంలోపే గడ్డలు వెలిగినవి. అయితే అన్ని క్యాన్సర్లలోనూ ఈ ఎంజైము హెచ్చుగా ఉండదు. ఆరోగ్యవంతమైన మూత్రపిండంలో మాత్రం సహజంగానే ఎక్కువ. కనుక ప్రతి వెలుగునూ క్యాన్సర్‌గా భావించరాదు. వెలుగు నిజంగా ఆ ఎంజైము వలననే వచ్చినదా అని నిరోధకం కలిపి సరిచూడటం తప్పనిసరి.

కాథెప్సిన్ వంటి ఎంజైములతో వెలిగే పెగులిసియానిన్ అనే మరొక శోధకాన్ని 2024 ఏప్రిల్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. రొమ్ము క్యాన్సర్ గడ్డను తొలగించిన తరువాత ఆ కుహరంలో మిగిలిన కణజాలాన్ని గుర్తించుటకు దీనిని సిరలోకి ఎక్కిస్తారు. తీవ్రమైన ఎలర్జీ కలుగవచ్చునన్న హెచ్చరిక ఈ మందుపై ఉన్నది.