బురదనీరు తేరుకొను విధము



శ్రావణ భాద్రపదములలో గోదావరికి క్రొత్తనీరు వచ్చినపుడు ఒక బిందెడు నీరు ముంచి తెచ్చి కదలకుండ నుంచుడు. ఇసుక వెంటనే యడుగున జేరును. ఎఱ్ఱని బురద మాత్రము మఱునాటికిని పూర్తిగ దిగదు. ఇసుకయు మన్నే, బురదయు మన్నే. రెండును నీటికంటె రెండున్నర రెట్లకు మించి బరువైనవే. అట్లయ్యు నొకటి మునుగుటకును, రెండవది నీటిలో నిలిచియుండుటకును హేతువేమి?

ద్రవములో కదలు వస్తువును ద్రవ మడ్డగించును. వస్తువు నంటియున్న నీటిపొర దానితోడనే కదలును. ఆ పొర తన ప్రక్కపొరను, అది వేఱొకదానిని ఈడ్చును. ఇట్లు పొరలకు నడుమ ఒరపిడి కలిగించు గుణమునే స్నిగ్ధత యందురు. అది నీటిలో తక్కువ, ఆముదములో నెంతయో యెక్కువ. పూసను ఆముదములో విడిచినచో నది మెల్లమెల్లగ దిగుటకు కారణ మిదియే.

ఐర్లండు దేశమున జన్మించి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితాచార్యుడైన జార్జి గేబ్రియల్ స్టోక్సు, గుండ్రని చిన్న వస్తువు మెల్లగ కదలునపుడు కలుగు అడ్డగింపును లెక్కకట్టి 1851లో ప్రకటించెను. అది వస్తువు వ్యాసమునుబట్టియు, వేగమునుబట్టియు, ద్రవము స్నిగ్ధతనుబట్టియు పెరుగును.

ఇక లెక్క చూడుడు. వ్యాసము సగమైన రేణువు బరువు సగము కాదు, ఎనిమిదవ వంతగును. అదే వేగమున అడ్డగింపు మాత్రము సగమే తగ్గును. కనుక వేగము నాలుగవ వంతైనపుడే రెండును సరితూగును. సరితూగిన పిదప వేగము పెరుగదు, తరుగదు. దీనికి చరమవేగ మని పేరు. ఇట్లే వ్యాసము పదవ వంతైనచో వేగము నూఱవ వంతగును.

మూరెడు లోతు నీటిలో ఇంచుమించు తలవెండ్రుకంత లావు, అనగా మిల్లీమీటరులో 10వ వంతు, గల యిసుకరేణువు సుమారు 1 నిమిషములో అడుగు చేరును. 100వ వంతుగల దానికి గంట, గంటన్నర కావలెను. 1000వ వంతుగల దానికి 5, 6 దినములు పట్టును. అంతకంటె సన్నని బంకమట్టి రేణువులను నీటి యణువులే నలువైపుల తాకి కదలించుచుండును. పైగా వానిపై ఒకే జాతి విద్యుదావేశ ముండుటచే అవి యొకదాని నొకటి నెట్టుకొనుచు, దించక నిలుపుచుండును.

కుండ లోపల చిల్లగింజ నరగదీసి నీరు పోయుట మన యిండ్లలో నుండిన యాచారము. దీనినే ఇండుపగింజ యనియు, సంస్కృతమున కతక మనియు నందురు. మనుస్మృతిలోనే దీని ప్రసక్తి కలదు. గింజలోని పదార్థము రేణువుల నొండొంటి కంటించి ముద్దలుగ చేయును. పటికయు నీ పనియే చేయును. ముద్ద పెద్దదైనకొలది వేగము హెచ్చునని చెప్పితిని గదా! నడుమ నీరు చిక్కి ముద్ద బోలుగ నుండుటచే లెక్కకు వచ్చినంత వేగము రాదు గాని, దినముల పని గంటలలో తీరును.

ఒక హెచ్చరిక. తేరిన నీరే మంచినీరని నేను బడిలో చాల యేండ్లు పిల్లలకు చెప్పితిని. అది నా పొరపాటు. వాంతిభేదిని, అనగా కలరాను, కలిగించు క్రిమి మిల్లీమీటరులో 1000వ వంతు మొదలు మూడింతల వఱకు మాత్రమే పొడవుగలది. దాని సాంద్రత ఇంచుమించు నీటిదే. పైగా తనంతట నీదగలదు. కొన్ని క్రిములు బురదముద్దలతో దిగినను, అన్నియు దిగవు. అద్దమువలె తేరిన నీటిలోను అవి యుండవచ్చును.

కావున చిల్లగింజతోనో పటికతోనో నీటిని తేర్చి, పైతేటను వడగట్టి, తెర్లునట్లు కాచి, మూతపెట్టి చల్లార్చి త్రాగవలెను. వరదల దినములలో, పసిపిల్లలున్న యిండ్లలో, ఈ కడపటి పనిని మఱువరాదు. బురద దిగినదని క్రిమియు దిగినదని నమ్మకుడు.