కడియంలో మోటారు, మిషిగన్‌లో కారు

మా కడియం నర్సరీల్లో కొందరు ఇంట్లో కూర్చునే ఫోన్‌తో బోరు మోటారు వేస్తారు. స్టార్టర్ డబ్బాలో సిమ్ ఉంటుంది, అంతే. మిషిగన్‌లో మా అక్కవాళ్లు చలికాలంలో కారుకి చేసేదీ ఇంచుమించు ఇదే. దాని పేరు రిమోట్ స్టార్ట్.

తాళం మీది బటన్ నొక్కితే రేడియో సిగ్నల్ వెళ్తుంది. కోడ్ ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఎవడైనా రికార్డ్ చేసుకున్నా మళ్లీ పనిచేయదు. కారు కంప్యూటర్ ముందు చెక్ చేస్తుంది: గేర్ పార్క్‌లో ఉందా? డోర్లు లాక్ అయ్యాయా? బానెట్ మూసి ఉందా? మన భాషలో మూడు ఇఫ్‌లు! అన్నీ ట్రూ అయితేనే ఇంజిన్ స్టార్ట్. ఎవరూ ఎక్కకపోతే చాలా కార్లలో 10, 15 నిమిషాలకి అదే ఆగిపోతుంది.

మైనస్ 18 డిగ్రీల్లో ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, అద్దాల మీద మంచు గడ్డకడుతుంది. అయినా ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్‌కి అరనిమిషం చాలు. తర్వాత మెల్లగా నడిపితేనే త్వరగా వేడెక్కుతుంది. మిగతా నిమిషాలు మన సుఖానికీ, అద్దం మీద మంచు కరగడానికీ.

అసలు ప్రమాదం గ్యారేజీలో ఉంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. అక్కడ చాలా ఇళ్లకి గ్యారేజీ ఆనుకునే ఉంటుంది. షట్టర్ తీసినా చాలదు, కారు బయటికి తీయాల్సిందే.

'గ్యారేజీలో ఉన్నానా' అనే ఇఫ్ మాత్రం ఆ మూడింటిలో లేదు. అమెరికా వెళ్లే సీనియర్లూ, అది మీరే చూసుకోవాలి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో కూడా చూడండి.