ఖగోళ కెమెరా కంప్యూటర్‌కు కనిపించనప్పుడు: డ్రైవర్, అనుసంధాన లోపాల గుర్తింపు

గత భాగంలో ఖగోళ కెమెరా సెన్సర్ కాంతిని ఎలా నమోదు చేస్తుందో, దాన్ని దూరదర్శినికి ఎలా బిగించాలో తెలుసుకున్నారు. అన్నీ సరిగా బిగించిన తరువాత కూడా కంప్యూటర్ తెర మీద ‘కెమెరా లేదు’ అన్న సందేశం రావచ్చు. అప్పుడు లోపం ఎక్కడ ఉందో క్రమపద్ధతిలో ఎలా వెతకాలో ఈ భాగంలో నేర్చుకుంటారు. ఉదాహరణలు విండోస్ కంప్యూటర్‌కు చెందినవి. లినక్స్ వాడేవారి కోసం చివర్లో కొంత చేర్చాం.

4.1 గుంటూరులో అయిదు నిమిషాలు

1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుంటూరు మీదుగా సాగింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియరీ జూల్స్ జాన్సెన్, బ్రిటిష్ పక్షాన మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెన్నెంట్ బృందం గుంటూరుకే వచ్చి మకాం వేశారు. జాన్సెన్ వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను పరిశీలించాడు. మరునాడు గ్రహణం లేకుండానే ఆ జ్వాలల గీతలను మళ్లీ చూడగలిగాడు. హీలియంను గుంటూరులోనే కనుగొన్నారని మనం గర్వంగా చెప్పుకుంటాం కానీ, ఆ పేరు, ఆ నిర్ధారణ తరువాతి కాలానివి. గుంటూరులో జరిగిన అసలు గొప్ప పని, గ్రహణం కోసం ఎదురుచూడకుండా సూర్యజ్వాలలను చూసే పద్ధతి కనిపెట్టడమే అనవచ్చు.

మన పాఠానికి కావలసింది మాత్రం టెన్నెంట్ బృందం పని. వారు వెండిపూత అద్దం గల దూరదర్శినితో గ్రహణాన్ని ఫొటోలు తీశారు. అప్పటిది తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ పోయాలి, వెండి నైట్రేటు తొట్టిలో ముంచాలి, పలక ఆరకముందే దూరదర్శినిలో పెట్టి కాంతి సోకించాలి, ఆరకముందే చీకటి గదిలో కడగాలి. ఈ వరుసలో ఏ ఒక్క మెట్టు తప్పినా పలక మీద ఏమీ మిగలదు. సంపూర్ణ గ్రహణం ఉండేది అయిదు నిమిషాలకు కొంచెం పైగా. ఆ వ్యవధిలో వారికి ఆరు పలకలు దక్కాయి.

మీ కెమెరా కూడా ఇలాంటి గొలుసులో చివరి కడియమే. పలక, తొట్టి, చీకటి గది బదులు విద్యుత్తు, కేబుల్, పోర్టు, డ్రైవర్, సాఫ్ట్‌వేర్ వచ్చాయి. 2028 డిసెంబరు 31 రాత్రి మన ప్రాంతంలో కనిపించే సంపూర్ణ చంద్రగ్రహణంలో చంద్రుడు దాదాపు 70 నిమిషాలు పూర్తిగా నీడలో ఉంటాడు. ఒక డ్రైవర్‌ను దించుకుని, స్థాపించి, కంప్యూటర్‌ను మళ్లీ ప్రారంభించడానికి అందులో అరగంట పోతే ఎంత నష్టమో మీరే ఊహించండి.

4.2 లోపం ఏ మెట్టు మీద ఉంది?

చాలామంది విద్యార్థులు చేసే మొదటి పని డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేయడం. అది తొందరపాటు. ముందు కంప్యూటర్ ఏం చెబుతోందో వినాలి.

డివైస్ మేనేజర్‌ను తెరిచి ఉంచి, కెమెరా యూఎస్‌బీ కేబుల్‌ను గుచ్చండి. ఇక్కడ నాలుగు రకాల ఫలితాలు రావచ్చు. శబ్దం రాదు, జాబితాలో కొత్త పేరేదీ చేరదు: కంప్యూటర్‌కు అసలు కెమెరా ఉనికే తెలియలేదు, కాబట్టి డ్రైవర్‌ను నిందించి లాభం లేదు. లోపం కేబుల్‌లో, పోర్టులో లేదా విద్యుత్తులో ఉంది. రెండోది, అనుసంధానం కలిసిన శబ్దం, తెగిన శబ్దం మార్చి మార్చి వస్తుంటే పిన్ను వదులుగా ఉందని గాని, విద్యుత్తు చాలడం లేదని గాని అనుమానించాలి. మూడో సందర్భంలో పేరు వస్తుంది, దాని పక్కన పసుపు త్రికోణం ఉంటుంది. అప్పుడు భౌతికమైన దారి తెరిచే ఉంది, డ్రైవర్ వైపు చూడాలి. ఇక పేరు త్రికోణం లేకుండా శుభ్రంగా ఉండి, ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే కెమెరా కనిపించకపోతే లోపం పై మెట్టుకు చెందినది.

ఈ ఒక్క పరీక్షకు ఒక నిమిషం పడుతుంది. మిగిలిన వెతుకులాటలో సగం తగ్గుతుంది. ఇక్కడి నుంచి ఒక నియమం పాటించండి: ఒకసారికి ఒక్క వస్తువునే మార్చండి. కేబుల్, పోర్టు, డ్రైవర్ మూడూ ఒకేసారి మార్చితే కెమెరా పనిచేయవచ్చు గాని, దేనివల్ల పనిచేసిందో తెలియదు. వచ్చే అమావాస్యకు మళ్లీ మొదటికే వస్తారు.

4.3 కేబుల్, విద్యుత్తు

ఫోన్‌తో వచ్చిన ప్రతి కేబుల్ పనికిరాదు. కొన్ని కేబుళ్లలో ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, సమాచారం మోసే తీగలు ఉండవు. అలాంటిది గుచ్చితే కెమెరా దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌లో చలనం ఉండదు. యూఎస్‌బీ 2.0 కేబుల్ పొడవు 5 మీటర్లు మించకూడదు. యూఎస్‌బీ 3.0 కి 3 మీటర్ల లోపు ఉంచడం మంచిది. డాబా మీద దూరదర్శిని, కింద గదిలో కంప్యూటర్ పెట్టుకుని మధ్యలో రెండు మూడు కేబుళ్లను అతికించడం మన ఇళ్లలో సాధారణం. పరీక్షించేటప్పుడు మాత్రం కంప్యూటర్‌ను డాబా మీదికే తీసుకువెళ్లి, కెమెరాతో వచ్చిన కేబుల్‌తో, హబ్ లేకుండా, నేరుగా కలపండి. అలా పనిచేస్తే కెమెరా మంచిదే, దోషం మధ్యలో ఉన్నవాటిది.

హబ్ విషయం కాస్త వివరంగా చూద్దాం. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్ల వరకు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్ల వరకు విద్యుత్తు ఇస్తుంది. సొంత విద్యుత్తు లేని హబ్‌కు కెమెరా, గైడింగ్ కెమెరా, ఫోకస్ మోటారు కలిపితే అవన్నీ ఆ కొద్దిపాటి విద్యుత్తునే పంచుకోవాలి. విడిగా అడాప్టర్ ఉన్న హబ్ వాడటమే దీనికి మందు.

శీతలీకరణ ఉన్న కెమెరాలకు యూఎస్‌బీ కాక 12 వోల్టుల సరఫరా కూడా కావాలి. కొన్ని నమూనాలు ఆ సరఫరా లేకున్నా కంప్యూటర్‌కు కనిపిస్తాయి, ఫొటోలు కూడా తీస్తాయి, కాని చల్లబడవు. మరికొన్ని 12 వోల్టులు అందేదాకా అసలు మేల్కొనవు. మీది ఏ రకమో కొన్నరోజే చూసి రాసి పెట్టుకోండి.

చల్లబరిచే భాగానికి సుమారు 3 ఆంపియర్లు కావాలనుకుందాం. బ్యాటరీ నుంచి కెమెరాకు 5 మీటర్ల దూరం. వాడిన రాగి తీగ మందం 0.5 చదరపు మిల్లీమీటర్లు. విద్యుత్తు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి తీగ మొత్తం పొడవు 10 మీటర్లు. రాగి విశిష్ట నిరోధం 0.0172 గా తీసుకుంటే తీగ నిరోధం 0.0172 × 10 ÷ 0.5 = 0.344 ఓములు. 3 ఆంపియర్ల వద్ద కోల్పోయే వోల్టేజి 0.344 × 3, అంటే దాదాపు 1 వోల్టు. బ్యాటరీ దగ్గర 12 ఉన్నది కెమెరా దగ్గర 11 అవుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే నష్టం మూడో వంతుకు తగ్గుతుంది. కాబట్టి మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు బ్యాటరీ దగ్గర కాదు, కెమెరా చివర, చల్లబరచడం నడుస్తుండగా కొలవండి.

ఇది మన ఎండల్లో ఇంకా ముఖ్యం. కెమెరా చుట్టూ ఉన్న గాలి కంటే 35 డిగ్రీలు మాత్రమే చల్లబడగలదనుకోండి. మే నెలలో గుంటూరు డాబా మీద రాత్రి 32 డిగ్రీలు ఉంటే అది చేరగలిగేది -3 డిగ్రీలు. మీరు -10 కి అమర్చితే ఎంతసేపైనా అక్కడికి చేరదు, శీతలీకరణ నూరు శాతం మీదే నిలిచి గరిష్ఠ విద్యుత్తు లాగుతూ ఉంటుంది. 12 వోల్టుల మీదే మొత్తం నడిచే కెమెరా అప్పుడు హఠాత్తుగా జాబితాలోంచి మాయం కావచ్చు. చల్లబరచడం ఆపితే అనుసంధానం నిలుస్తోందా? నిలిస్తే డ్రైవర్ జోలికి వెళ్లకండి, సరఫరాను చూసుకోండి. వేసవిలో 0 లేదా 5 డిగ్రీలకు అమర్చుకుంటే తప్పేమీ లేదు.

కరెంటు పోయినప్పుడు జరిగేది ఇంకొకటి ఉంది. ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఏమీ కాలేదనిపిస్తుంది. కాని విండోస్ ఆ క్షణంలోనే పొదుపు పద్ధతికి మారి, పనిలేదనుకున్న యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చవచ్చు. పవర్ ఆప్షన్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ అనే అమరిక ఉంది. బ్యాటరీ మీద నడిచేటప్పటికి, కరెంటు మీద నడిచేటప్పటికి దాన్ని విడివిడిగా నిలిపివేయాలి. చాలామంది రెండోది మాత్రమే మార్చి ఊరుకుంటారు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ లక్షణాలు తెరిచి, విద్యుత్తు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న గడిలోని టిక్కు కూడా తీసేయండి.

మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజుల్లో ఆ చుట్టుపక్కల పోర్టులకు మూతలు పెట్టడం మరవకండి. ఘాటు ధూళి మన ముక్కుకే కాదు, పిన్నులకూ మంచిది కాదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: కెమెరా దీపం వెలుగుతోంది, కాని డివైస్ మేనేజర్‌లో ఏ మార్పూ లేదు. మీరు మొదట ఏ వస్తువును మారుస్తారు? ఎందుకు?

4.4 డ్రైవర్ అంటే ఎవరు, ఎక్కడ ఉంటాడు?

వీడియో మాటామంతీకి వాడే వెబ్‌క్యామ్‌కు విండోస్‌లోనే డ్రైవర్ ఉంటుంది. ఖగోళ కెమెరాల్లో ఎక్కువ భాగం ఆ ప్రమాణాన్ని పాటించవు. అందుకే విండోస్‌తో వచ్చిన కెమెరా యాప్‌లో అవి కనబడవు. దాన్ని చూసి కెమెరా చెడిపోయిందనుకోకండి. తయారీదారు ఇచ్చిన డ్రైవర్ తప్పనిసరి. సాధారణంగా డ్రైవర్‌ను ముందు స్థాపించి, తరువాతే కెమెరాను గుచ్చాలి.

పసుపు త్రికోణం మీద రెండుసార్లు నొక్కితే ఒక సంకేత సంఖ్య కనిపిస్తుంది. 28 అంటే డ్రైవర్ స్థాపించలేదని అర్థం. 10 అంటే పరికరం మొదలుకాలేకపోయింది. 43 అంటే పరికరమే లోపం తెలిపినందువల్ల విండోస్ దాన్ని ఆపివేసింది. 52 వస్తే డ్రైవర్ డిజిటల్ సంతకాన్ని విండోస్ నిర్ధారించలేకపోయింది, సాధారణంగా పాత డ్రైవర్లతో ఇలా జరుగుతుంది. 28 కి, 52 కి తయారీదారు కొత్త డ్రైవరే పరిష్కారం. 43 వస్తే మాత్రం డ్రైవర్ కంటే ముందు కేబుల్ మార్చి చూడండి.

కొన్ని కెమెరాలు రెండు అడుగుల్లో మేల్కొంటాయి. గుచ్చగానే ఒక పేరుతో కనిపిస్తాయి, కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ అందుకుంటాయి, ఒకసారి తెగి కొత్త పేరుతో మళ్లీ కలుస్తాయి. ఇలాంటి వాటికి రెండు పేర్లకూ డ్రైవర్ ఉండాలి. మొదటి పేరు దగ్గరే ఆగిపోతే స్థాపన సగమే జరిగిందన్నమాట.

డ్రైవర్ పైన మరో పొర ఉండవచ్చు. 1998 లో అమెరికాకు చెందిన బాబ్ డెన్నీ మొదలుపెట్టిన యాస్కామ్ ప్రమాణం, వేర్వేరు తయారీదారుల పరికరాలు ఒకే భాషలో మాట్లాడేలా చేసింది. అందువల్ల షార్ప్‌క్యాప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒకే కెమెరా రెండుసార్లు కనిపించవచ్చు: ఒకటి తయారీదారు సొంత డ్రైవర్ ద్వారా, రెండోది యాస్కామ్ ద్వారా. ఒకటి పనిచేయకపోతే రెండోదాన్ని ఎంచుకుని చూడటం మంచి పరీక్ష. సొంత డ్రైవర్‌తో వచ్చి యాస్కామ్‌తో రాకపోతే, యాస్కామ్ ప్లాట్‌ఫామ్‌గాని, ఆ కెమెరా యాస్కామ్ డ్రైవర్‌గాని లేదన్నమాట. 32 బిట్ల యాస్కామ్ డ్రైవర్ డీఎల్ఎల్ రూపంలో ఉంటే 64 బిట్ల సాఫ్ట్‌వేర్ దాన్ని నేరుగా తెరవలేదు. రెండూ ఒకే కోవకు చెందేలా చూసుకోండి.

ఇంకో చిన్న విషయం చాలాసార్లు కంట పడదు. ఒక కెమెరాను ఒకేసారి ఒక సాఫ్ట్‌వేరే పట్టుకోగలదు. గైడింగ్‌కు పీహెచ్‌డీ 2 నడుపుతూ, అదే కెమెరాను షార్ప్‌క్యాప్‌లో వెతికితే దొరకదు. మూసేశామనుకున్నది కూడా టాస్క్ మేనేజర్‌లో సజీవంగా ఉండవచ్చు.

4.5 కెమెరా కలుస్తుంది, చిత్రాలు రావు

కెమెరా కనిపిస్తుంది, కాని చిత్రం కింది సగం నల్లగా వస్తుంది, లేదా ఫ్రేములు పడిపోతుంటాయి. ఇది దారి ఇరుకు కావడం వల్ల వచ్చే ఇబ్బంది. 3096 × 2080 పిక్సెళ్ల సెన్సర్‌ను తీసుకోండి. ఒక ఫ్రేములో 64,39,680 పిక్సెళ్లు. 16 బిట్ల పద్ధతిలో పిక్సెల్‌కు 2 బైట్లు, అంటే ఫ్రేముకు దాదాపు 12.9 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0 సిద్ధాంతరీత్యా సెకనుకు 480 మెగాబిట్లు మోయాలి, ఆచరణలో 40 మెగాబైట్లకు మించి ఆశించలేం. 40 ని 12.9 తో భాగిస్తే సెకనుకు మూడే ఫ్రేములు. 8 బిట్లకు మారితే ఆరు. గురు గ్రహం వంటి చిన్న లక్ష్యానికి 640 × 480 ముక్కనే తీసుకుంటే ఫ్రేము 0.3 మెగాబైటే కాబట్టి దారి అడ్డు కాదు.

మీది యూఎస్‌బీ 3.0 కెమెరా అయినా వేగం ఇంతే ఉంటే, అది 2.0 గా కలిసిందేమో చూడండి. 3.0 పిన్నును నెమ్మదిగా గుచ్చినప్పుడు పాత తీగలు ముందు తగిలి, కంప్యూటర్ 2.0 తో సరిపెట్టుకోవచ్చు. తీసి, ఒక్క ఊపున లోపలికి నెట్టండి.

సాఫ్ట్‌వేర్‌లో కూడా వేగాన్ని తగ్గించే మీట ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం: కొన్ని కెమెరాల్లో ‘టర్బో యూఎస్‌బీ’ లేదా ‘బ్యాండ్‌విడ్త్’ విలువ తగ్గిస్తే వేగం తగ్గుతుంది. మరికొన్నింటిలో ‘యూఎస్‌బీ ట్రాఫిక్’ విలువ పెంచితేనే వేగం తగ్గుతుంది. అర్థం తెలియకుండా జరిపితే లోపం ముదురుతుంది.

4.6 లినక్స్ వాడేవారికి

ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం డివైస్ మేనేజర్ పనే చేస్తుంది. అక్కడ కెమెరా ఉండి, ఫొటోల సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే దాన్ని రూట్ హక్కులతో ఒకసారి నడిపి చూడండి. అప్పుడు కనిపిస్తే లోపం అనుమతులది, తయారీదారు ఇచ్చే యూడెవ్ నియమాల ఫైలును స్థాపించాలి. యూఎస్‌బీ కోసం లినక్స్ కెర్నెల్ కేటాయించే జ్ఞాపకం మామూలుగా 16 మెగాబైట్లు. పైన లెక్కించిన 12.9 మెగాబైట్ల ఫ్రేము ఒకటి పడుతుంది, రెండోది పట్టదు. దీన్ని 200 మెగాబైట్లకు పెంచడం వాడుకలో ఉన్న పద్ధతి.

ఇవన్నీ చూశాక కూడా కెమెరా పలకకపోతే, దాన్ని మరో కంప్యూటర్‌కు కలిపి చూడండి. అక్కడా పలకకపోతే తయారీదారుకు రాయండి. కెమెరా నమూనా, డ్రైవర్ సంచిక సంఖ్య, విండోస్ సంచిక, డివైస్ మేనేజర్ సంకేత సంఖ్య, 12 వోల్టుల చివర మీరు కొలిచిన విలువ, సాఫ్ట్‌వేర్ రాసుకున్న లాగ్ ఫైలు జతచేయండి. ఏ కేబుల్‌తో, ఏ పోర్టులో ప్రయత్నించారో కూడా రాస్తే, వారు మొదట అడిగే ప్రశ్నకు జవాబు ఆ ఉత్తరంలోనే ఉంటుంది.