కూడు, అవ్వ, అవసరం: రాసేటప్పుడు ఏ మాట పెట్టాల?



ఈసారి ఒకే ఒక సంగతి ఎత్తుకుంటా ఉండాను. ఒకే అర్థానికి మూడు నాలుగు మాటలు ఉన్నప్పుడు, రాసేవాళ్లు అందులో ఏది తీసుకుంటారో దాన్ని బట్టి చదివేవాళ్ల మనసులో పడే బొమ్మ మారిపోతుంది. ఇది అన్ని భాషల్లోనూ ఉన్నదే. కానీ హోసూరు, కోలారు, కోవిల్‌పట్టి, పర్లాకిమిడి, సోలాపూరు, యానాం వంటి తావుల్లో ఉండే మనకి ఇది ఇంకొంచెం పెద్ద చిక్కు. మన ఇంట్లో మాటకీ పుస్తకంలో మాటకీ ఎడం ఉంది. రాయను కూర్చున్నప్పుడల్లా ఏది పెట్టాలా అని చెయ్యి ఆగుతుంది.

నేను పండితుణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో పని చేసి రిటైరైనోణ్ణి. కానీ మాటకుండే బరువు బ్యాంకులోనే బాగా తెలిసొచ్చింది. వాయిదా దాటిన రైతుకి జాబు రాయాల. "మీ వాయిదా నిలిచి ఉన్నది" అని రాయొచ్చు. "మీరు బాకీ పడినారు" అని రాయొచ్చు. "మీరు అప్పు ఎగ్గొట్టినారు" అనీ రాయొచ్చు. లెడ్జరులో మూడింటికీ అంకె ఒకటే. మొదటి మాటలో తప్పు ఎవరిదని చెప్పలేదు. రెండో మాట ఆ మనిషి పేరు మీద లెక్క రాసింది. మూడో మాట ఆ మనిషి బుద్ధి మీద తీర్పు చెప్పింది. మొదటి జాబు అందుకున్నాయన బ్రాంచికి వచ్చి కూర్చొని మాట్లాడతాడు. మూడోది అందుకున్నాయన మొగం చాటేస్తాడు. కథ రాసినా, ఊరి చరిత్ర రాసినా జరిగేది ఇదే.

కూడు

మన పక్క అందరికీ తెలిసిన మాటతో మొదలుపెడదాం. రాయలసీమలోనూ తమిళనాడు తెలుగు ఇండ్లలోనూ "కూడు తిన్నావా?" అంటే అది మర్యాదే, ప్రేమే. అదే మాట కోస్తా పక్క చాలామంది చెవికి మోటుగా తగులుతుంది. కోపంలో విసిరే మాటగానో, పిండం కూడుగానో వాళ్లకి తోస్తుంది.

కానీ ఈ మాట పుట్టుక చూడండి. అన్నం, భోజనం రెండూ సంస్కృతం నుంచి వచ్చినవి. కూడు అచ్చ తెలుగు. తమిళంలో రాగి అంబలికి చెప్పే "కూళ్" దీనికి తోబుట్టువు. ఒకప్పుడు అంతటా ఇది మంచి మాటే అని సామెతలే సాక్షి చెబుతాయి. "కూటి కోసం కోటి విద్యలు" అని కోస్తాలో కూడా అంటారు కదా, అప్పుడు ఎవరికీ మోటుగా అనిపించదు. అంటే మాటలో చెడు లేదు. పెద్ద కులాల ఇండ్లలో, బడి పుస్తకాల్లో అన్నం, భోజనం పైకి ఎక్కినాక, కూడు కిందికి దిగింది. మన వైపు మాత్రం అది దిగలేదు.

మా పక్క నుంచి కథలు రాసే నా స్నేహితుడు ఒకాయన ఒక పత్రికకి కథ పంపినాడు. కథలో ముసలామె, పొలం నుంచి వచ్చిన కొడుకుని "కూడు తిందువు రారా" అని పిలుస్తుంది. అచ్చులో అది "భోజనం చేద్దువుగాని రా" అని వచ్చింది. మార్చినవాళ్లకి చెడ్డ ఉద్దేశం లేదు, ఆమెకి గౌరవం ఇద్దామనుకున్నారు. కానీ ఆ ఒక్క మార్పుతో ఆ ముసలామె మా ఊరిమనిషి కాకుండా పోయింది. రాగిసంగటి పెట్టే చెయ్యి కాస్తా అరిటాకు పరిచే చెయ్యి అయిపోయింది. నా స్నేహితుడు ఆ పత్రికను ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

మాట ఒకటే, మనిషి మారతాడు

కూడు విషయంలో అర్థం అందరికీ ఒకటే, రుచి వేరు. కొన్ని మాటల్లో అర్థమే వేరు. ఇవి రాసేవాళ్లకి ఇంకా ఇక్కట్టు.

"అవ్వ" అంటే మనకీ, చిత్తూరు, రాయలసీమ వాళ్లకీ నాయనమ్మో అమ్మమ్మో. తెలంగాణ పల్లెల్లో అవ్వ అంటే అమ్మ. అవ్వ అయ్య అంటే అమ్మానాయనలు. ఇప్పుడు మనవాడు కథని "మా అవ్వ పోయిన ఏడు" అని మొదలుపెట్టినాడనుకోండి. మన పాఠకుడు పండు ముసలామె చావును తలుచుకుంటాడు, బాధపడినా అది కాలధర్మం అనుకుంటాడు. తెలంగాణ పాఠకుడికి తల్లి లేని పిల్లోడు కనబడతాడు. ఒక్క మాట దగ్గర కథే రెండుగా చీలిపోయింది.

"బిడ్డ" కూడా అంతే. మనకి కొడుకైనా కూతురైనా బిడ్డే. తెలంగాణలో కొడుకు, బిడ్డ అని విడివిడిగా అంటారు, బిడ్డ అంటే కూతురు. "అప్ప" అని మన పక్క చాలా ఇండ్లలో తండ్రిని పిలుస్తారు. శ్రీకాకుళం, విశాఖ పక్క అప్ప అంటే అక్క. "అంగడి" మనకి రోజూ తెరిచి ఉండేది. కోస్తా వాళ్లు దాన్నే కొట్టు అంటారు. తెలంగాణలో దుకాణం అంటారు, అంగడి అంటే వారానికి ఒకసారి కూడే సంత. "అంగడి మూసేసినారు" అని రాస్తే మనకి ఒక తలుపు కనబడుతుంది, వాళ్లకి ఒక మైదానం కనబడుతుంది.

పక్క భాష నీడ

మూడో రకం మాటలు మనం నాలుగు భాషల మధ్య బతకడం వల్ల వచ్చినవి. నాకు బాగా నచ్చే ఉదాహరణ "అవసరం". ఆంధ్ర, తెలంగాణల్లో అవసరం అంటే కావలసి రావడం. తమిళంలోనూ కన్నడంలోనూ ఇదే మాటకి తొందర అని అర్థం. అందుకని మన ఇండ్లలో "అవసరంగా పోయినాడు" అంటే గబగబా పోయినాడని. హైదరాబాదు పాఠకుడు ఇది చదివితే, వాడికి ఏం అవసరం పడిందో అని వెతుక్కుంటాడు.

బెంగళూరు, కోలారు పక్క తెలుగువాళ్ల నోట "తిండి" అంటే, కన్నడం అలవాటు వల్ల, పొద్దున తినే టిఫిను. "తిండి అయ్యిందా?" అని చుట్టాన్ని అడిగితే అది మర్యాద. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టానికి "తిండి" అనే మాటే కొంచెం గరుగ్గా ఉంటుంది. "కల్యాణం" తమిళనాడులో ఎవరి పెండ్లికైనా వాడే మాట. గోదావరి పక్క దేవుడి పెండ్లి మొదట గుర్తుకొస్తుంది.

వీటిని తప్పులు అనడానికి నాకు మనసు రాదు. నాలుగు తరాలు వాడినాక అది ఆ తావు తెలుగే. అయితే రాసేటప్పుడు, ఎదుటివాడికి ఇది ఎట్లా వినబడుతుందో తెలిసి రాయాల.

పెద్దోళ్లు ఏం చేసినారు

ఈ తగువు కొత్తది కాదు. పుస్తకం తెలుగు కంటే జనం తెలుగే రాతకి తగినదని పోరాడిన గిడుగు రామమూర్తి గారు అయ్యవారుగా పని చేసింది పర్లాకిమిడిలో. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆ ఊరు అటు పోయింది. అంటే ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినం చేసుకునేది ఎవరి పేరు మీదనో, ఆయన ఊరు ఇప్పుడు మన మాదిరే హద్దుకు అవతల ఉంది. గురజాడ "కన్యాశుల్కం" 1897లో అచ్చయ్యింది. అందులో గిరీశం ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడతాడు కాబట్టే వాడి డాబు ఏంటో వెంకటేశానికి తెలియకపోయినా మనకి తెలుస్తుంది. వాడి చేత గ్రాంథికం పలికించి ఉంటే గిరీశమే లేడు.

మన పక్కకి వస్తే, కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌కి చెందిన కి. రాజనారాయణన్ గారు ఉన్నారు. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. తెలుగువాళ్లు దక్షిణానికి వలసపోయి కరిసల్ నేలలో ఊరు కట్టుకున్న కథ "గోపల్ల గ్రామం". దాని తరువాతి నవలకి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన తమిళం పుస్తకం తమిళం కాదు, ఆ నల్లరేగడి ఊళ్ల తమిళం. అంతటితో ఆగకుండా ఆ మాటలన్నిటికీ ఒక నిఘంటువు కూడా చేసి పెట్టినారు. తెలుగులో నామిని చిత్తూరు మాటతో, స.వెం. రమేశ్ పులికాటు సరస్సు దీవుల మాటతో "ప్రళయకావేరి కథలు"లో, ఇదే దారిలో నడిచినారు.

వీళ్లలో గమనించాల్సింది ఒకటుంది. నామిని కథల్లో ఊరి మాట పాత్రల నోట మాత్రమే కాదు, కథ చెప్పేవాడి నోట కూడా అదే. ఇది చిన్న తేడా కాదు. కథకుడు పత్రిక తెలుగులో మాట్లాడి, కూలిమనిషీ ముసలామే మాత్రం ఊరి మాట మాట్లాడితే, చదివేవాడికి చెప్పకనే ఒక సంగతి చెప్పినట్టు: ఊరి మాట చదువు లేనివాళ్లదని. రాసినాయనకి ఆ ఉద్దేశం ఉండదు. అయినా ఆ ముద్ర పడుతుంది.

మనకి లెడ్జరు లేదు

ఆంధ్రప్రదేశ్‌లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మాటలతో, 1962లో వచ్చింది. గొప్ప పని. కానీ మాటలు సేకరించింది ఆ రాష్ట్రం జిల్లాల్లో. హద్దు ఇవతల ఉన్న మన ఊళ్లు ఆ లెక్కలోకి రాలేదు. ఇంకో పక్క, 2006 చట్టంతో తమిళనాడు బళ్లలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యింది. మన పిల్లలు చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఇట్లాంటి స్థితిలో మనవాడు ఒకడు కథ రాసి, అందులో కూడు తీసేసి భోజనం పెడితే, పోయేది ఒక్క మాట కాదు. ఆ మాట అక్కడ బతికినట్టు ఉన్న ఒకే సాక్ష్యం పోతుంది. కోస్తా రచయిత కూడు వదిలేస్తే భాషకి పెద్ద నష్టం లేదు. మనం వదిలేస్తే ఎక్కడా జమ ఉండదు.

రాసేవాళ్లకి నాలుగు మాటలు

1. ఊరి మాట పెట్టి, పక్కన బ్రాకెట్లో అర్థం రాయొద్దు. చుట్టూ ఉన్న వాక్యమే అర్థం చెప్పాల. "అవసరంగా పోయినాడు, చెప్పులు కూడా తొడుక్కోలేదు" అని రాస్తే తొందర అని ఎవరికైనా తెలుస్తుంది.

2. వావి వరసల్ని మొదట్లోనే తేల్చేయండి. "మా నాయన్ని కన్న అవ్వ" అని ఒక్కసారి రాస్తే చాలు, తరువాత కథంతా అవ్వ అని రాసుకోవచ్చు.

3. "చెప్పినాడు"ని "సెప్పినాడు" అని, ప్రతి అక్షరాన్నీ వంకర చేసి రాస్తే చదివేవాడికి నవ్వు వస్తుంది, మనిషి కనబడడు. ఉచ్చారణ కంటే మాటను పట్టుకోండి. తావు, అంగడి, కూడు, సంగటి, పొద్దు అనే మాటలే ఊరిని తెచ్చి ముందు పెడతాయి.

4. ఎవరికి రాస్తా ఉండామో చూసుకోండి. ఆసుపత్రి కరపత్రం, బ్యాంకు కాగితం అయితే అందరికీ ఒకే తీరుగా అర్థమయ్యే మాటే పెట్టాల. అక్కడ అవసరం అంటే ఏందో అని సందేహం రాకూడదు. కథ, ఊరి చరిత్ర, అవ్వ చెప్పిన సంగతులు అయితే మన మాటే పెట్టాల.

చివరగా ఒక మనవి. అమ్మ, నాయన, అవ్వ, కూడు, అంగడి, తొందర అనే ఈ ఆరింటికీ మీ ఇంట్లో ఏమంటారో, ఊరి పేరుతో సహా రాసి పంపండి. సోలాపూరు నేతపనివాళ్ల ఇండ్లలో అవ్వ ఎవరు, గంజాం పక్క అప్ప ఎవరు, యానాంలో కూడు అంటే మొగం ఎట్లా పెడతారు, ఇవన్నీ తెలుసుకోవాలని ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లనే అడిగి రాయండి. వచ్చినవన్నీ ఊరి వారీగా పట్టిక వేసి ఇక్కడే పెడతాను. లెక్కలు రాయడం నాకు పాత అలవాటే.