బోరు చూసి మోటారు... పని చూసి ప్రాసెసర్!

రబీ ధాన్యం అమ్మిన డబ్బులో కొంత పక్కన పెట్టారు. అబ్బాయి ఇంజనీరింగులో చేరాడు, ల్యాప్‌టాప్ కావాలన్నాడు. తండ్రీ కొడుకులు బస్సెక్కి పట్నం వచ్చారు. దుకాణంలో కుర్రాడు ఒకటే మాట అంటాడు: ‘‘ఐ7 తీసుకోండి బాబాయి గారూ, మళ్లీ చూసుకోనక్కర్లేదు.’’ తండ్రి కొడుకు మొహం చూస్తాడు. కొడుకు ధర చీటీ చూస్తాడు. కాలేజీలు తెరిచే రోజుల్లో ఏ కంప్యూటర్ దుకాణంలో చూసినా ఇదే తంతు. చేతిలో ఉన్నది చాలక కొందరు వడ్డీకి తెచ్చి మరీ పెద్దది కొంటున్నారు.

కంప్యూటర్‌కు ప్రాసెసర్ అంటే బోరుకు మోటారు లాంటిది. రెండంగుళాల నీళ్లున్న బోరుకు పది హార్స్‌పవర్ మోటారు బిగిస్తే నీళ్లు పెరగవు. పైగా మోటారు కాలుతుంది. ఇక్కడా అంతే. ముందు పని ఎంతో చూసుకోవాలి.

అంకె చూసి మోసపోవద్దు

ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో ఐ3, ఐ5, ఐ7, ఐ9 అనే మెట్లున్నాయి. ఏఎండీ కంపెనీ రైజెన్‌లోనూ 3, 5, 7, 9 ఉన్నాయి. అంకె పెరిగితే ధర పెరుగుతుంది. అయితే ఐ7 అన్నదల్లా ఐ3 కంటే గొప్పది కాదు. అది ఏ తరానిదో తెలియాలి.

ఇంటెల్‌లో ఐ7-7500యు అని ఉంటే అది 7వ తరం, 2016లో వచ్చింది. అందులో పనిచేసే కోర్లు రెండే. ఐ3-1215యు 12వ తరం, 2022లో వచ్చింది. దానికి ఆరు కోర్లు. ఇద్దరు కూలీలకూ ఆరుగురు కూలీలకూ ఉన్నంత తేడా. పేరులో చిన్నదే, పనిలో పెద్దది.

సెకండ్‌హ్యాండ్‌లో ‘ఐ7 చవక’ అంటే ఇక్కడే జాగ్రత్త పడాలి. 8వ తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లకు సాధారణంగా విండోస్ 11 అర్హత లేదు. విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఎవరికి ఏది?

పాఠాల వీడియోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఉత్తరాలు, లెక్కలకు కొత్త తరం ఐ3 లేదా రైజెన్ 3 చాలు. బీటెక్ నాలుగేళ్లూ ప్రోగ్రాములు రాసే పిల్లలకు ఐ5 లేదా రైజెన్ 5 నిక్షేపంగా సరిపోతుంది. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియో వారికి, భారీ డిజైన్లు గీసేవారికి ఐ7, ఐ9 పెట్టిన డబ్బు తిరిగొస్తుంది.

ధర దగ్గర దగ్గరగా ఉంటే 8 జీబీ ర్యామ్‌తో ఉన్న ఐ7 కంటే 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ఐ5 మేలు. పాత హార్డ్ డిస్క్ ఉంటే ప్రాసెసర్ ఎంత ఖరీదైనదైనా కంప్యూటర్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంది. మోటారు పెద్దది పెట్టి పైపు సన్నది వేసినట్టే.

డెస్క్‌టాప్ కొనేవారు మరో సంగతి గమనించాలి. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు కొనకపోతే తెర మీద బొమ్మే రాదు.

డబ్బు కట్టేముందు...

దుకాణంలో నాలుగు ప్రశ్నలు వేస్తే చాలు. ప్రాసెసర్ పూర్తి నంబరు ఏమిటి? ఏ తరం? ర్యామ్ ఎంత, తర్వాత పెంచుకోవచ్చా? ఉన్నది ఎస్‌ఎస్‌డీయేనా? కంప్యూటర్ ఆన్ చేయించి సెట్టింగ్స్‌లో సిస్టం, ఆ లోపల ఎబౌట్ తెరిపిస్తే ప్రాసెసర్ పేరు, ర్యామ్ కళ్లెదుటే కనిపిస్తాయి. బిల్లు మీదా ఆ నంబరే రాయించుకోవాలి.

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. అవసరం లేని ఐ7 మానుకుంటే మిగిలే సొమ్ము పిల్లవాడి హాస్టలు ఫీజుకు పనికొస్తుంది. వడ్డీ బాధా తప్పుతుంది.